యాభై ఏడో పాకం

మే 6

నలభై ఒకటో పాకం కూడా పనికిరాలేదు. సూది మొన దగ్గరే ఉండలు కట్టింది.

సూదికీ డ్రమ్ముకీ మధ్య ఇరవై వేల వోల్టులు పెడితే కరిగించిన ప్లాస్టిక్ పాకం చుక్క సాగి, పోగై, ఎగిరి డ్రమ్ము మీద వాలాలి. వెంట్రుకను నిలువునా ఐదు వందల చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో అంత సన్నపు పోగు అది. విడిగా కంటికి ఆనదు. అద్దం మీద ఊపిరి వదిలినట్టు డ్రమ్ము తెల్లబడితే పోగు పడుతోందని అర్థం. ఇవాళ తెల్లబడలేదు. పిట్ట రెట్ట వేసినట్టు చుక్కలు పడ్డాయి.

మా నేత సంఘం షెడ్డులో ఒకప్పుడు ముప్ఫై రెండు మగ్గాలు ఆడేవి. ఇప్పుడు మూడు సూది యంత్రాలున్నాయి. రెండు యంత్రాల మీద ఊరంతటికీ సరిపడా మందపు మాస్కులకు పొర వేస్తారు. మూడోది, ఊళ్ళో ఎవరు బయట తిరగాలో నిర్ణయించే శ్వాస మండలి నాకు వదిలిపెట్టింది, పల్చటి మాస్కు చేసి చూపించమని. గాలిజ్వరం వచ్చి పన్నెండేళ్ళయింది. మందపు మాస్కు పెట్టుకుని గంటసేపు నిలబడగలిగిన వాళ్ళకే బయట తిరిగే చీటీ. ఒకసారి జ్వరం వచ్చి బతికి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయిన వాళ్ళు ఆ గంట నిలబడలేరు. పది నిమిషాలకే పెదాలు నీలంగా మారతాయి. మా ఊళ్ళో అలాంటివాళ్ళు మూడు వందల పన్నెండు మంది. వాళ్ళను లోపలివాళ్ళు అంటారు.

మా అక్క రత్నం ఏడేళ్ళుగా లోపలిమనిషి.

సాయంత్రం వసారాలో బట్టలు మార్చి, సబ్బునీళ్ళతో మొహం కడుక్కుని వెళ్ళేసరికి కిటికీ అద్దం దగ్గర కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. వంద మంది ఎక్కిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరికి మోచేతులతో దారి చేసుకుంటూ పోయేది. ఇప్పుడు వంటింట్లోంచి కిటికీ దాకా రావాలంటే మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగుతుంది.

“ఏమైందే ఇవాళ?”

“ఉండలు కట్టింది.”

“నలభై ఒకటా? మా డిపోలో కళ్ళు కనపడని డ్రైవరు కూడా లైసెన్సుకి అన్నిసార్లు తప్పలేదే!”

నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. దగ్గు తగ్గేదాకా వీపు రాస్తూ నిలబడ్డాను.

జూన్ 3

యాభై ఏడో పాకం కుదిరింది.

పొద్దున పదింటికి డ్రమ్ము తెల్లబడింది. మచ్చ లేదు, ఉండ లేదు. పొర ఒలిచి చేతి మీద వేసుకుంటే బరువు తెలియలేదు. జక్రయ్యగారి గదికి దాదాపు పరుగెత్తాను. ఆయన కాలేజీ లాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. అరవై నాలుగేళ్ళు. ఉప్పునీటిని పొగలాగా చేసి గుడ్డలోంచి పంపిస్తారు. ముందు ఎన్ని రేణువులు, వెనక ఎన్ని రేణువులు అని యంత్రం లెక్కపెడుతుంది.

“వందకి తొంభై ఎనిమిది ఆగాయమ్మా,” అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. “తొంభై ఎనిమిదే. ఊపిరి లాగడానికి మందపు మాస్కుకి పట్టే కష్టంలో సగం కూడా లేదు.”

రహస్యమంతా పోగులో నిలిచే కరెంటులో ఉంది. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కలను లాక్కున్నట్టు, ఈ పోగు తన పక్క నుంచి పోయే రేణువును లాక్కుంటుంది. అందుకే పొర పల్చగా ఉన్నా సరిపోతోంది.

మధ్యాహ్నం ఆయన ఇంకో ముక్క పరీక్షించారు. డెబ్బై వచ్చింది.

“ఇదేంటమ్మా? పొద్దున్నించి కడిగేగదిలో దండెం మీద మర్చిపోయిన ముక్క ఇది. లోపం నీ గుడ్డలోనా, నా డబ్బాలోనా?”

“మీ గొట్టంలో చెమ్మ చేరి ఉంటుంది బాబాయ్. ఆరబెట్టి కొత్త ముక్కతో చూడండి.”

కొత్త ముక్కతో మళ్ళీ తొంభై ఎనిమిది. డెబ్బైని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంట్లో అక్కకు మాస్కు కట్టి గడియారం ముందు కూర్చోబెట్టాను. కదలకుండా కూర్చోవే అంటే వినలేదు. టిక్కెట్టు అడిగితే గర్భిణీనని చెప్పి చీరలోంచి పనసకాయ తీసిన ఆవిడ కథ మొదలుపెట్టింది. నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి.

జూన్ 14

మండలి ఒప్పుకుంది. ఇరవై మంది లోపలివాళ్ళు, రోజుకు గంట, ఒక నెల. బాగుంటే మిగతావాళ్ళకు కూడా. మండలి పర్యవేక్షకురాలు షాహీన్ మేడమ్ నా కాగితం రెండుసార్లు చదివారు.

“పరీక్షలన్నీ ఇందులో ఉన్నాయా భ్రమరాంబగారూ?”

“ఉన్నాయి మేడమ్.”

అద్దాలు బిగించిన షెడ్డు వరండాలో చీట్లు తీశారు. లోపలివాళ్ళ తరఫున ఇంటికొకరు వచ్చి నిలబడ్డారు. అక్క పేరు వచ్చింది. నేనేమీ చెయ్యలేదు, నిజంగానే వచ్చింది. డ్రాయింగు మాస్టారు పార్థసారథిగారి పేరు వచ్చింది, ఆయన భార్య విశాలాక్షమ్మగారిది రాలేదు. దంపతులిద్దరూ లోపలివాళ్ళే. మాస్కు కొలతకు వాళ్ళింటికి వెళితే ఆయన, “నా చీటీ ఈవిడ పేరు మీదికి మార్చొచ్చా అమ్మా?” అని అడిగారు.

“మార్చక్కర్లేదు,” అందావిడ. “మీరే వెళ్ళండి. నేను వెళ్తే బాగుందంటాను, అంతటితో సరి. మీరైతే చూసింది గీసి తెస్తారు.”

జూన్ 17

పొద్దున ఎనిమిదింటికి, మండలి మూసిన బండిలో తెచ్చిన ఇరవై మందికీ నా చేతులతో కట్టాను. కొందరికి ఎండ కళ్ళలో పడి నీళ్ళు కారాయి. ఒక పెద్దాయన వరండా మెట్టు దిగడానికి భయపడ్డాడు. ఏడేళ్ళుగా ఆయన మెట్టు దిగలేదట.

అక్క బస్టాండుకు పోదామంది. ఆమెను పట్టుకుని నడిచాను. ఒకే ఒక బస్సు ఉంది, పక్కూరికి బియ్యం పట్టుకెళ్ళేది. మెట్టు మీద కాలు పెట్టి కమ్మీ పట్టుకుని నిలబడింది. డ్రైవరు మాస్కులోంచి చూసి గుర్తుపట్టాడు.

“రత్నమ్మక్కా! నువ్వేనా? పోయావనుకున్నాను!”

“నీ సర్వీసు చూశాక పోదామనుకున్నా. తలుపు రేకు అట్లా వేలాడుతుంటే కట్టుకోలేవంట్రా?”

యాభై ఎనిమిదో నిమిషానికి తిరిగొచ్చాం. రాత్రి అక్క అన్నం తినలేదు. ఆకలి లేదంది. ఆ మాట నవ్వుతూ అంది.

జూన్ 27

నాలుగు రోజులుగా ముసురు. సూది గదిలో మూల మూలకూ కుంపట్లు పెట్టి గాలి ఆరబెడుతున్నాం, అయినా పోగు అక్కడక్కడ పూస కడుతోంది. పూస కట్టిన పొర పారేస్తున్నాను. అంతవరకు జాగ్రత్తగానే ఉన్నాను.

సాయంత్రం నాలుగింటికి జక్రయ్యగారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. లోపలికి రాలేదు.

“వాడి తిరిగిచ్చిన మాస్కులు కాల్చేస్తున్నాం కదమ్మా. ఇవాళ కాల్చబోయే ముందు ఊరికే ఐదింటిని పరీక్షించాను.”

కాగితం ఇచ్చారు. డెబ్బై ఒకటి. అరవై ఎనిమిది. డెబ్బై నాలుగు. డెబ్బై. అరవై ఆరు.

“గొట్టం రెండుసార్లు ఆరబెట్టాను,” అన్నారు, నేనేమీ అడగకముందే.

తడి దువ్వెన కాగితాన్ని లాగదు. చిన్నపిల్లలకు తెలిసిన సంగతి. మనిషి ఊపిరిలో తడి ఉంటుంది, ముసురులో గాలంతా తడే. గంట తిరిగేసరికి పోగులోని కరెంటు పోతుంది, పల్చటి గుడ్డ మాత్రం మిగులుతుంది. వందలో ముప్ఫై రేణువులు లోపలికి పోతాయి. కడిగేగదిలో దండెం మీది ముక్క జూన్ మూడునే ఈ మాట చెప్పింది. ఆ వాక్యం మూడో తేదీ పేజీలో ఉంది. మండలికి పంపిన కాగితంలో లేదు.

“మేడమ్‌కి చెబుదామా?” అన్నారాయన.

“రేపు చెబుదాం బాబాయ్. ఇంకో పది మాస్కులు కొలవండి. పొరపాటేమో చూద్దాం.”

ఆయన నా మొహం వంక చూసి వెళ్ళిపోయారు.

జూన్ 28

పొద్దున ఎనిమిదింటికి ఇరవై మంది వచ్చారు. కట్టాను. వాన పడుతోంది. పార్థసారథిగారు కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ఇవాళ అలలు పెద్దగా ఉంటాయమ్మా అంటూ సముద్రం వైపు వెళ్ళారు.

పదకొండింటికి జక్రయ్యగారు పది లెక్కలు తెచ్చారు. ఒక్కటీ డెబ్బై ఐదు దాటలేదు. పన్నెండింటికి షాహీన్ మేడమ్‌కు చెప్పాను. ఒంటిగంటకల్లా ఆపేయమని ఉత్తరువు వచ్చింది. జూన్ మూడు సంగతి మాత్రం చెప్పలేదు.

అక్క వినగానే, “ఎవరు ఆపమన్నారు?” అంది.

“మేడమ్. నేనే ఆపమన్నాను.”

“నన్నడిగావా? ఆ ఇరవై మందిలో ఒక్కరినైనా అడిగావా? వందలో ముప్ఫై పోతాయంతేగా. పోనీ. ఈ ఏడేళ్ళు నేను బతికాననుకుంటున్నావా? కూర్చున్నానే భ్రమరా, కూర్చున్నాను.”

అక్క కిటికీ లోపలి రెక్క గట్టిగా వేసింది, అద్దం అదిరింది.

జూలై 4

ముగ్గురికి జ్వరం. ఇరవై మందిలోనే. పెట్టెల వీధి కుట్టుపని సుందరికి, మెట్టు దిగడానికి భయపడిన పెద్దాయనకు, పార్థసారథిగారికి.

అక్కకు పూటపూటకూ ఒళ్ళు పట్టి చూస్తున్నాను. లేదు.

జూలై 9

సుందరి కోలుకుంటోంది. పెద్దాయన గండం గడిచిందన్నారు.

పార్థసారథిగారు ఇవాళ తెల్లవారుజామున పోయారు. గట్టిపడిన ఊపిరితిత్తులకు రెండోసారి జ్వరం వస్తే ఓర్చుకునే చోటు ఉండదట.

విశాలాక్షమ్మగారు లోపలిమనిషి కాబట్టి శ్మశానానికి రానివ్వలేదు. బండి వాళ్ళ కిటికీ ముందు ఒక నిమిషం ఆపారు. నేను బండి వెనక నిలబడ్డాను. అద్దం అవతల ఆవిడ రెండు చేతులూ జోడించి ఉంది. ఎవరి వంకా చూడలేదు.

తిరిగి వస్తూ జక్రయ్యగారు, “జ్వరం ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరమ్మా? ఇంటికి పాలు పోసే మనిషి నుంచైనా రావచ్చు,” అన్నారు. ఓదార్చడానికే అన్నారు. ముగ్గురిళ్ళకూ పాలు పోసేది వేరు వేరు మనుషులు. ఆయనకూ తెలుసు.

జూలై 12

అక్కకు చెప్పేశాను. మూడో తేదీ పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. చదివింది. నిదానంగా చదివే మనిషి కాదు, ఇవాళ వేలు పెట్టి చదివింది.

“ఇది నీకు ముందే తెలుసా?”

“తెలుసనుకోలేదు. తెలుసుకోవద్దనుకున్నాను. నువ్వు బయటికి...”

“ఆగు.” చెయ్యి ఎత్తింది. “నాకోసం చేశానని మాత్రం అనకు. ఆ మాట నేను మొయ్యలేను.”

అనలేదు.

మండలి కచేరీకి పోయి అదే పేజీ షాహీన్ మేడమ్‌కు ఇచ్చాను. ఇరవై ఏడో తేదీ సాయంత్రం తెలిసీ, మర్నాడు పొద్దున మాస్కులు కట్టానని కూడా చెప్పాను. ఆవిడ పేజీ చదివి బల్ల మీద పెట్టారు.

“జక్రయ్యగారు ఆ రెండో పరీక్ష సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“నేను గొట్టం చెమ్మ అన్నాను. నమ్మారు.”

“ఊఁ.”

“నన్ను తీసెయ్యండి మేడమ్. ఏ శిక్ష వేసినా సరే.”

“వేస్తే మీకు బాగుంటుంది కదూ?” అన్నారు. గొంతు పెంచలేదు. “ఆ యంత్రం మీద పోగు పడేలా చెయ్యడం ఈ జిల్లాలో ఇంకెవరికీ రాదు. మూడు వందల పదకొండు మంది ఉన్నారు. నాకు మాస్కు కావాలి. ఈ రెండు పరీక్షలూ, ఈ తేదీలూ మీ చేత్తో మీరే రాసి షెడ్డు వరండాలో అంటించండి. వెళ్ళి పని చెయ్యండి.”

రాసి అంటించాను. అక్షరాలు పెద్దవిగా రాశాను, దూరం నుంచి కూడా కనపడేలా.

జూలై 30

కరెంటు మీద ఆధారపడని పోగు కావాలి. అంటే ఇంకా సన్నటి పోగు, ఇంకా ఎక్కువ పొరలు. రేణువును లాగడం కాదు, దారే లేకుండా చెయ్యడం. కానీ రేణువుకు దారి లేకపోతే ఊపిరికీ దారి తగ్గుతుంది. డెబ్బై మూడో పాకం: తడిలో తొంభై ఆరు, అక్క నిలబడింది తొమ్మిది నిమిషాలు. డెబ్బై ఎనిమిదో పాకం: అక్క ఇరవై ఐదు నిమిషాలు, తడిలో ఎనభై రెండు. ఒకటి పెరిగితే ఒకటి తరుగుతోంది.

ఇప్పుడు ప్రతి పొరనూ ముందు కడిగేగదిలో ఒక పగలంతా వేలాడదీసి, ఆ తర్వాతే పరీక్షిస్తున్నాం. జక్రయ్యగారు లెక్క చెప్పేటప్పుడు నా వైపు చూడరు. కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు.

అక్క అవసరమైన మాటలు మాట్లాడుతోంది. అన్నం పెట్టావా, తలుపు వేశావా. మాస్కు కట్టించుకుంటుంది, గడియారం చూస్తుంది, ఊపిరి అందనప్పుడు చెయ్యి ఎత్తుతుంది. కథలు చెప్పడం లేదు.

ఆగస్టు 19

ఎనభై మూడో పాకం. తడిలో తొంభై ఐదు. మూడు రోజులు వరసగా తొంభై ఐదే. అక్క ఇరవై ఒక్క నిమిషాలు.

ఇంతకన్నా రాదని నాకు అనిపిస్తోంది. సముద్రం దాకా పోవడానికి చాలదు, బస్టాండు దాకా చాలదు. ఎవరింటి నుంచైనా వీధి మలుపు దాకా, మళ్ళీ వెనక్కి.

షాహీన్ మేడమ్ అన్ని కాగితాలూ తెప్పించుకుని, జక్రయ్యగారిని విడిగా కూర్చోబెట్టి ప్రతి లెక్కా అడిగారు. తర్వాత గంట నిబంధన సడలించమని మండలికి రాశారు.

“ఇరవై నిమిషాల కోసం ఎవరైనా వస్తారా మేడమ్?” అన్నాను.

“మీ అక్కగారిని అడగండి.”

అడిగాను.

“రెండు నిమిషాలిచ్చినా వస్తానే,” అంది. దాదాపు నలభై రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి అక్కర్లేని మాట అది.

సెప్టెంబరు 2

ఈసారి చీట్లు తియ్యలేదు. ఎవరు వస్తామంటే వాళ్ళు, వరండాలో అంటించిన కాగితం చదివి సంతకం పెట్టి రావాలి. ఏ పొర ఎంత ఆపుతుందో, ఎంత ఆపదో అందులో ఉంది. పక్కనే నా పాత కాగితం కూడా ఉంది. మొదటి రోజుకు పదకొండు మంది పేరిచ్చారు. మూడో పేరు విశాలాక్షమ్మగారిది.

ఎనిమిదింటికి ఎండగా ఉంది. అక్క మొదట వెళ్ళి పద్దెనిమిది నిమిషాల్లో తిరిగొచ్చి, గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. తర్వాత సుందరి వెళ్ళొచ్చింది.

విశాలాక్షమ్మగారిని మండలి మూసిన బండిలో కూర్చోబెట్టి తెచ్చారు. తెల్లచీర. చాలా చిన్న మనిషి, నేను గుర్తుపెట్టుకున్న దానికన్నా చిన్నగా ఉంది. రెండు కాగితాల ముందూ నిలబడి చదివింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది. నేను మాస్కు పట్టుకుని దగ్గరికి వెళ్ళాను.

“రెండో పరీక్ష జూన్ మూడునా?” అంది.

“అవునండీ.”

“మళ్ళీ ఇరవై ఏడున తెలిసింది.”

“అవును.”

“ఇరవై ఎనిమిది పొద్దున ఆయనకు కట్టింది నువ్వేనా?”

“నేనే.”

ఆవిడ నా చేతుల వంక చూసింది. మొహం వంక కాదు, చేతుల వంకే. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. మేడమ్ నా గురించి సరిగ్గానే అన్నారు.

విశాలాక్షమ్మగారు పక్కకు తిరిగింది.

“జక్రయ్యగారూ, మీరు కట్టండి.”

ఆయన వచ్చి నా చేతిలోంచి మాస్కు తీసుకున్నారు. ఆయనకు కట్టడం సరిగ్గా రాదు. రెండుసార్లు ముడి జారింది. ముక్కు మీద పట్టీ బిగించాలని నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, పక్కనున్న సుందరి చెవిలో చెప్పాను. ఆమె వెళ్ళి బిగించింది.

ఆవిడ మెట్లు దిగి వీధిలోకి నడిచింది. ఎవరినీ తోడు రమ్మనలేదు. మలుపు దగ్గర ఆగి కాసేపు నిలబడింది. అక్కడ నుంచి చూస్తే సముద్రం కనపడదు, ఇళ్ళ మధ్య ఖాళీ మాత్రం కనిపిస్తుంది. పది నిమిషాలయింది. తిరగాలి. తిరగలేదు. పన్నెండో నిమిషానికి సుందరి నాకేసి చూసింది. పదమూడో నిమిషానికి ఆవిడ వెనుదిరిగింది.

వరండా మెట్టు ఎక్కేసరికి ఇరవై మూడు. పెదాల చుట్టూ నీలం. జక్రయ్యగారు మాస్కు విప్పి లోపలి గదిలో కూర్చోబెట్టారు. నేను తలుపు బయటే నిలబడ్డాను. చాలాసేపటికి గాని ఆవిడకు మాట రాలేదు.

“రేపు కూడా వస్తాను,” అంది ఆయనతో.

“తప్పకుండా రండమ్మా. రేపు తొందరగా వెనక్కి తిరగండి.”

“రేపట్నుంచి నేను వచ్చే వేళకు ఆ అమ్మాయి ఇక్కడ లేకుండా చూడండి.”

నేను తలుపు దగ్గరే ఉన్నానని ఆవిడకు తెలుసు. గొంతు తగ్గించలేదు.

“అలాగేనమ్మా,” అన్నారు జక్రయ్యగారు.

మిగతా ఎనిమిది మందికీ నేనే కట్టాను. ఒక్కొక్కరికీ కట్టేముందు, నేను కట్టవచ్చా అని అడిగాను. ఇద్దరు వద్దన్నారు.

రేపు ఎనిమిదింటి నుంచి సూది గదిలో తలుపు వేసుకుని ఉంటాను. ఎనభై నాలుగో పాకం కలపాలి.